రక్తపోటు గీత చెప్పిన సాక్ష్యం: హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్

భీమ్‌గల్ వంటి పట్టణం నుండి పెద్దాసుపత్రికి తరలించిన రోగి మణికట్టు ధమనిలోకి సన్నని గొట్టం పంపి, ప్రతి గుండె స్పందనకూ మారే రక్తపోటును తెరపై గమనించడం నేడు ఇంటెన్సివ్ కేర్‌లో పరిపాటి. ఈ పద్ధతి చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం, మన ఇందూరు కూడా అంతర్భాగంగా ఉన్న నిజాం రాజ్యంలోనే జరిగిందని విద్యార్థులు గ్రహించాలి.

పూర్వరంగం: గుర్రం ధమనికి గాజుగొట్టం అమర్చి, రక్తం ఎంత ఎత్తుకు లేస్తుందో కొలిచిన ప్రయోగాన్ని స్టీఫెన్ హేల్స్ 1733లో ప్రచురించాడు. 1828లో పొయిజ్వీ పాదరస మానోమీటరును, 1847లో లుడ్విగ్ ఆ కదలికను గీతగా నమోదు చేసే కైమోగ్రాఫ్‌ను ప్రవేశపెట్టారు.

సమస్య: 1847లోనే శస్త్రచికిత్సలో క్లోరోఫామ్ వాడకం మొదలైంది. మరుసటి సంవత్సరం నుండే మరణాలు సంభవించాయి. ముందుగా ఆగేది గుండెనా, శ్వాసనా? వైద్యుడు నాడిని చూడాలా, ఊపిరిని చూడాలా? రోగి ప్రాణం ఈ జవాబుపై ఆధారపడింది.

హైదరాబాద్ ప్రయోగాలు: హైదరాబాద్ వైద్య పాఠశాల ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ 1888లో కుక్కలపై ప్రయోగాలు జరిపించి, శ్వాసే ముందు ఆగుతుందని ప్రకటించాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక సందేహించింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లు సమకూర్చగా, 1889లో ఆ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ హైదరాబాద్ వచ్చాడు. ఈసారి జంతువుల ధమనులను మానోమీటరుకు కలిపి రక్తపోటును నమోదు చేశారు. రక్తపోటు క్రమంగా పడిపోయినా, గుండె కంటే శ్వాసే ముందు ఆగినట్లు తేలింది. కనుక శ్వాసను గమనిస్తే చాలునని కమిషన్ నిర్ధారించింది.

విమర్శ: 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి మత్తులో ఉన్న పిల్లుల గుండె ఒక్కసారిగా లయ తప్పి ఆగిపోగలదని నిరూపించాడు. హైదరాబాద్‌లో గీసిన గీతలు అబద్ధం కావు. ఒక పరిస్థితిలో కనిపించిన సత్యాన్ని అన్ని మరణాలకూ వర్తింపజేయడమే పొరపాటు.

ఈ పాఠం నేటికీ వర్తిస్తుంది. 1970లో స్వాన్, గాంజ్ పరిచయం చేసిన పుపుస ధమని క్యాథెటర్ ప్రపంచమంతటా వ్యాపించింది. అయితే దానివల్ల ఆసుపత్రి మరణాలు తగ్గలేదని బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం 2005లో అదే లాన్సెట్‌లో వెలువడింది. కొలవడం వేరు, కొలతను అర్థం చేసుకోవడం వేరు. చరిత్రకారుడికి శాసనం ఎటువంటిదో, వైద్యుడికి ఈ గీత అటువంటిది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: హైదరాబాద్ కమిషన్ ఆధారాలు సరైనవైనా, నిర్ధారణ ఎందుకు అసంపూర్ణమైంది?