తెర మీది తీర్పులో నిజమెంత?

టీవీ కోర్టుల మాట వచ్చినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "వాళ్ళు నిజం మనుషులేనా? ఆ గొడవ నిజంగా జరిగిందేనా?" లా చదివినవాళ్ళూ అడుగుతారు, కూర తరుక్కుంటూ టీవీ చూసేవాళ్ళూ అడుగుతారు. నేనూ ఆ ప్రశ్న పట్టుకునే వీటి చరిత్ర తిరగేశాను. తిరగేసిన కొద్దీ అవునన్నా, కాదన్నా సరిపోదని తేలింది.

అమెరికాలో 1957లో మొదలైన 'డైవోర్స్ కోర్ట్'లో భార్యాభర్తలు నటులు. జడ్జి స్థానంలో వోల్టేర్ పెర్కిన్స్ నటించేవాడు. అంతా అబద్ధమే కదా అని నవ్వుకోబోయాను. కానీ ఆ కాలంలో అక్కడి అసలు కోర్టుల సంగతేమిటి? విడాకులు కావాలంటే ఇద్దరిలో ఒకరి తప్పు రుజువు కావాలి. న్యూయార్క్‌లో 1966లో చట్టం మారేదాకా వ్యభిచారం ఒక్కటే ఒప్పుకున్న కారణం. అందుకని విడిపోదామనుకున్న భర్త ఒక హోటల్ గది తీసుకునేవాడు. డబ్బు తీసుకున్న ఒక స్త్రీ అతని పక్కన నిలబడేది. ఫోటో తీసేవాడు తలుపు తోసుకుని వచ్చేవాడు. ఆ ఫోటో కోర్టులో సాక్ష్యం! నిజమైన జడ్జి ముందు నిజమైన దంపతులు నాటకమాడుతున్న రోజుల్లో, టీవీలో నటులు అదే నాటకాన్ని కోర్టు పేరుతో ఆడారు. తప్పు ఎవరిదో తేల్చనక్కరలేని విడాకుల చట్టం కాలిఫోర్నియాలో 1970 నుంచి అమల్లోకి వచ్చింది. 'డైవోర్స్ కోర్ట్' మొదటి విడత 1969లోనే ముగిసింది. దీన్ని కాకతాళీయమే అనుకున్నా, ఆ నాటకానికి ప్రాణం పోసింది పాత చట్టమేనని నాకు అనిపిస్తుంది.

నిజం మనుషుల్ని తెర మీదికి తెచ్చింది 1981లో వచ్చిన 'ద పీపుల్స్ కోర్ట్'. జోసెఫ్ వాప్నర్ రిటైరైన జడ్జి. కార్యక్రమం సిబ్బంది చిన్న మొత్తాల దావాలు నడిచే కోర్టుల్లో కాగితాలు వెతికి, ఇరుపక్షాల వాళ్ళనీ పిలిచేవారు. వాళ్ళు కోర్టులో కేసు వదులుకుని, తెర మీద చెప్పే తీర్పుకి కట్టుబడతామని సంతకం పెట్టేవారు. చట్టం దృష్టిలో అది మధ్యవర్తిత్వం. మనుషులు నిజం, తగాదా నిజం, ఒప్పందం నిజం. కోర్టు మాత్రం సెట్టు. ఓడినవాళ్ళు చెల్లించాల్సిన సొమ్ము కూడా నిర్మాతలే ఇచ్చేవారు. అంటే ఓడినవాడి జేబు నుంచి పైసా పోదు, పోయేది పరువే.

1996 నుంచి 2021 దాకా నడిచిన 'జడ్జ్ జూడీ' దీన్ని ఇంకా పెంచింది. జూడిత్ షైండ్లిన్ న్యూయార్క్ ఫ్యామిలీ కోర్టులో పనిచేసిన జడ్జి. తగాదా విలువ 5 వేల డాలర్లు దాటకూడదు. వచ్చినవాళ్ళకి దారి ఖర్చులూ, కొంత డబ్బూ ఇచ్చేవారు. వెనక బల్లల మీద కూర్చునే జనం కూడా డబ్బు తీసుకుని వచ్చినవాళ్ళే. ఆమె సంపాదన ఒక దశలో ఏడాదికి 4 కోట్ల 70 లక్షల డాలర్లు. మగవాళ్ళ రంగంలో ఒక స్త్రీ సాధించిన స్థానంగా దాన్ని గౌరవిస్తాను. కానీ అప్పు తీర్చలేక, అద్దె కట్టలేక వచ్చిన ఆడపిల్లల్ని నోరు మూయించడమే వినోదంగా సాగిన ఆ పాతికేళ్ళు నాకు మింగుడుపడవు.

అయినా అక్కడ ఒక హద్దుంది. సామాన్ల తగాదాతో ఈ కార్యక్రమానికి వెళ్ళిన ఇద్దరికి, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో కూడా ఆమె తేల్చేసింది. 1999లో న్యూయార్క్ ఫ్యామిలీ కోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది, ఒప్పందంలో లేని సంగతి తేల్చే అధికారం ఆమెకి లేదని.

మన దగ్గర ఆ హద్దు ఇంకా ముందే ఉండాలి. జెమినిలో రోజా నిర్వహించిన 'రచ్చబండ', జీ తెలుగులో జీవిత నిర్వహించిన 'బతుకు జట్కాబండి' చూసినవాళ్ళకి తెలుసు, అక్కడికి వచ్చేవి అద్దె బకాయిల తగాదాలు కావు. భర్త కొట్టడం, రెండో పెళ్ళి, అనుమానం, బిడ్డ తండ్రెవరన్న ప్రశ్న. పెళ్ళి తగాదాలూ పిల్లల సంరక్షణా ప్రైవేటు మధ్యవర్తులు తేల్చేవి కావని సుప్రీంకోర్టు 2011లో బూజ్ అలెన్ కేసులో చెప్పింది. కాబట్టి అమెరికా తెర మీది తీర్పుకున్న బలం కూడా మన తెర మీది మాటకి లేదు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి 1987 చట్టం ప్రకారం డిక్రీ విలువ ఉంది. స్టూడియోలో కుదిరిన రాజీకి అదీ లేదు.

ఇక గుట్టు సంగతి. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ఆ చట్టం కింద కేసుల విచారణ తలుపులు మూసి జరగాలంటుంది, వివరాలు అచ్చువేయడాన్ని నిషేధిస్తుంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం ఏ ఒక్కరు కోరినా తలుపులు మూయాల్సిందే. ఇవన్నీ కోర్టుకి వెళ్ళినవాళ్ళకి. స్టూడియోకి వెళ్ళిన మనిషి చేతిలో ఉండేది సమ్మతి పత్రం ఒక్కటే.

అలాగని అక్కడికి వెళ్ళిన స్త్రీలని తప్పుపట్టలేను. పోలీస్ స్టేషన్లో సర్దుకుపొమ్మంటే, కోర్టులో వాయిదా మీద వాయిదా పడితే, కెమెరా ముందైనా ఎవరో ఒకరు వింటారన్న ఆశ కలుగుతుంది. ఆ ఆశ నిజం, ఆ కన్నీళ్ళూ నిజం. కానీ భర్త కొట్టాడని రాష్ట్రమంతటికీ చెప్పిన మనిషి ఆ రాత్రి ఏ ఇంటికి వెళ్తుంది? 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు ఇవ్వగల రక్షణ ఉత్తర్వు ఏ యాంకరూ ఇవ్వలేదు.

అందుకే "వాళ్ళు నిజం మనుషులేనా" అన్న ప్రశ్న దగ్గరే మనం ఆగిపోకూడదనుకుంటాను. నటులైతే మేకప్ తుడుచుకుని ఇంటికి పోతారు. నిజం మనుషులైతే వాళ్ళ మాట రేపు వాళ్ళ ఊళ్ళో, పిల్లల బడిలో తిరుగుతుంది. కోర్టు ఇచ్చే రక్షణ ఏదీ లేకుండా వాళ్ళని కోర్టులాంటి చోట నిలబెట్టిందెవరు, లాభపడిందెవరు అని మనం అడగాలి.