టెర్మినేటర్ 2 చూస్తే నాకు పెట్రోవ్ ఎందుకు గుర్తొస్తాడు?

1991లో జేమ్స్ కామెరూన్ తీసిన 'టెర్మినేటర్ 2' చూశారా? అందరూ అందులో కరిగిపోయే టీ-1000 గురించే మాట్లాడతారు. నన్ను భయపెట్టింది మాత్రం స్కైనెట్. కథలో అమెరికా రక్షణని ఆ కంప్యూటర్ చేతికి ఇచ్చేస్తారు. 1997 ఆగస్టు 29న మనుషులు దాన్ని ఆపేయబోతే, అది రష్యా మీదకి అణు క్షిపణులు వదిలేస్తుంది.

ఇది కల్పనే. కానీ ఆ సినిమాకి 8 ఏళ్ల ముందు నిజంగా ఏం జరిగిందో చూడండి. 1983 సెప్టెంబర్ 26, అర్ధరాత్రి దాటింది. మాస్కో దగ్గర ఒక బంకర్‌లో సోవియట్ అధికారి స్టానిస్లావ్ పెట్రోవ్ డ్యూటీలో ఉన్నాడు. అమెరికా క్షిపణి వదిలిందని కంప్యూటర్ అలారం కొట్టింది. తర్వాత ఇంకో నాలుగు అంది. యుద్ధమే మొదలుపెట్టేవాళ్లు ఐదింటితో సరిపెడతారా అని ఆయనకి అనుమానం వచ్చింది. పైవాళ్లకి తప్పుడు అలారం అని చెప్పాడు. అదే నిజమైంది. మేఘాల మీద పడ్డ ఎండ మెరుపుని ఉపగ్రహం క్షిపణి మంట అనుకుంది!

నేను జాబ్‌లో ఉన్నప్పుడు రాత్రి రెండింటికి అలర్ట్ వచ్చేది. లేచి చూస్తే చాలాసార్లు సర్వర్ బాగానే ఉండేది, తప్పు మేం రాసిన అలర్ట్ కోడ్‌దే. అందుకే పెట్రోవ్ కథ నాకు వేరే దేశం కథలా అనిపించదు. స్కైనెట్‌కి తెలివి ఉంది, అనుమానం లేదు. ఆ రాత్రి పెట్రోవ్ కుర్చీలో మీరుంటే ఏం చేసేవాళ్లు? ఆలోచించండి. మళ్లీ కలుద్దాం!