లక్షల కోట్లలో ఒక్క నలుసు

మాది పెద్దకడుబూరు. ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్య. 2024 చివర్లో మా పశ్చిమ కర్నూలు వైపే, దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం అన్వేషణకి బోర్లు వేస్తారని వార్త వచ్చింది. జనం రోడ్డెక్కారు. నవంబరులో ప్రభుత్వం ఆపేస్తున్నామంది. గొడవ సద్దుమణిగింది గానీ నాకో ప్రశ్న మిగిలింది: మా మట్టిలో, నీళ్ళలో ఏముందో తేల్చేది ఏంటి?

గైగర్ కౌంటర్ పెడితే సరిపోదా అంటారేమో. సరిపోదండీ. గ్రానైట్ రాళ్ళలో పొటాషియం, థోరియం, యురేనియం మూడూ సహజంగానే కాస్త కాస్త ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే, గైగర్ కౌంటర్ ఎన్ని ఎర్రర్లో చెబుతుంది, ఏ మాడ్యూల్ లోవో చెప్పదు. అది చెప్పేది జెర్మేనియం డిటెక్టర్. పొటాషియం గామా కిరణాలు 1461 కేఈవీ దగ్గర, యురేనియం సంతతిలోని బిస్మత్ వి 609 దగ్గర సన్నటి గీతల్లా విడివిడిగా కనిపిస్తాయి.

ఈ మూలకాన్ని మెండెలీవ్ 1871లో ఊహించాడు, వింక్లర్ 1886లో జర్మనీలో పట్టుకున్నాడు. 1947లో మొదటి ట్రాన్సిస్టర్ దీంతోనే చేశారు. అంటే మన ఉద్యోగాలకి మూలపురుషుడన్నమాట! 1950ల మొదట్లో బెల్ ల్యాబ్స్ లో ఫాన్ జోన్ రిఫైనింగ్ కనిపెట్టాడు. కడ్డీలో ఒక సన్నటి పట్టీని మాత్రమే కరిగించి, ఆ కరుగుని ఈ కొస నుంచి ఆ కొసకి నడిపిస్తే మలినాలు చాలావరకు దాంతోపాటే పోయి చివర చేరతాయి. ఆ చివర కోసెయ్యడం, మళ్ళీ మొదలెట్టడం.

ట్రాన్సిస్టర్ కి అది చాలింది, డిటెక్టర్ కి చాల్లేదు. అందుకని 1960లలో లిథియం ఎక్కించి మలినాల ప్రభావాన్ని సరిపెట్టేవాళ్ళు. బగ్ తియ్యకుండా ప్యాచ్ వెయ్యడమే ఇది. ద్రవ నైట్రోజన్ అయిపోయి డిటెక్టర్ వేడెక్కిందా, లిథియం కదిలిపోయి అంతా పాడు. 1970 ప్రాంతంలో జనరల్ ఎలక్ట్రిక్ లో రాబర్ట్ హాల్ అసలు బగ్గే తీసేద్దామన్నాడు. బర్క్ లీలో హాన్సెన్, హాలర్ కూడా ఆ పనిలో దిగారు. క్వార్ట్జ్ మూసలో, హైడ్రోజన్ మధ్య, కరిగిన జెర్మేనియంకి చిన్న విత్తన స్ఫటికాన్ని తాకించి మెల్లగా పైకి లాగుతూ పెంచారు. విద్యుత్తుపై ప్రభావం చూపే మలినాలు ఘన సెంటీమీటరుకి వెయ్యి కోట్లు. ఎక్కువనిపిస్తోందా? అంటే సుమారు 4 లక్షల కోట్ల పరమాణువులకి ఒకటి! మనం గొప్పగా చెప్పుకునే సిక్స్ సిగ్మా పది లక్షలకి 3.4 తప్పులు.

ఇంకో తమాషా. స్ఫటికం మరీ లోపం లేకుండా పెరిగినా పనికిరాదు. కాసిని డిస్లొకేషన్లు ఉండాల్సిందే.

హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ జెర్మేనియం శుద్ధి మీద పనిచేసింది. అయినా డిటెక్టర్ స్థాయి స్ఫటికాలు అమ్మే కంపెనీలు ప్రపంచం మొత్తమ్మీద వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. 2023 ఆగస్టులో చైనా జెర్మేనియం ఎగుమతులకి లైసెన్స్ పెట్టగానే ముడిసరుక్కీ కంగారు మొదలైంది.

నా ఉద్దేశంలో ఈ స్ఫటికం అవసరం తవ్వాలనేవాళ్ళకే కాదు, వద్దనేవాళ్ళకీ ఉంది. కొలిచే యంత్రం ఒక పక్షం దగ్గరే ఉంటే రెండో పక్షానికి మిగిలేది భయమో, నమ్మకమో. రెండూ కొలతలు కావు. రాయలసీమలో రైతు సీసాలో నీళ్ళు పట్టుకెళ్తే కొలిచి, ఫలితం అందరికీ కనబడేలా పెట్టే కాలేజీ ఒకటుంటే రేపటి గొడవ అంకెల మీద జరుగుతుంది. మీరేమంటారు?