పొన్నుకర్ర, మడతకర్ర

నా మోకాళ్ళ కోసం మా అమ్మాయి మడతపెట్టే నడకకర్రలు కొన్నది. "నేనేమైనా ముసలివాణ్ణా?" అని అలిగాను. తర్వాత వాటి చరిత్ర చదివాను.

వీటి ముత్తాత ఆల్ప్స్ కొండల్లోని ఆల్పెన్‌స్టాక్. అది పొడవాటి చెక్క కర్ర, కింద ఇనుప మొన. 1786 ఆగస్టు 8న బాల్మా, పకార్ అనే ఇద్దరు మొదటిసారి మోంట్ బ్లాంక్ శిఖరం ఎక్కారు. తాడు లేదు, మంచుగొడ్డలి లేదు, ఈ కర్రలే ఆధారం. బాల్మాకు 24 ఏళ్ళు, పకార్‌కు 29. ముసలివాళ్ళా?

మనకూ పొన్నుకర్ర ఉంది. పొన్ను అంటే కర్ర చివర తొడిగే లోహపు కట్టు. నాకు ఈమధ్యే తెలిసిన మాట, భలే నచ్చింది.

పొడవాటి కర్రను సంచిలో పెట్టలేం కదా. 1974లో జర్మనీలోని లేకీ కంపెనీ, ఒక గొట్టంలోకి ఇంకొకటి జారే కర్ర తెచ్చింది. దాని పేరు మకాలు, హిమాలయ శిఖరం పేరు. మడతకర్రలు ఆ తర్వాత వచ్చాయి. గుడారం కర్రల్లాగే ముక్కలు, లోపల తాడు. బిగిస్తే ఒకే కర్ర. నావి కార్బన్ ఫైబర్‌వి, చాలా తేలిక. దిగేటప్పుడు మోకాళ్ళ బరువు కొంత చేతులు పంచుకుంటాయి.

మొన్న కొండ దిగుతుంటే అమ్మాయే ఒక కర్ర అడిగింది. నేను ఇవ్వలేదు.