తప్పు కోడ్‌దేనా?

సర్వర్ మీద ప్రోగ్రామ్ ఉన్నట్టుండి క్రాష్ అయితే మొదటి అనుమానం దాన్ని రాసినవాళ్ల మీదకే పోతుంది. చాలాసార్లు అది నిజమే అవుతుంది. కానీ కోడ్ సరిగ్గా ఉండి, కింద యంత్రమే తప్పిన చరిత్ర కూడా ఒకటుంది.

1947లో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ రిలేలతో నడిచే కంప్యూటర్‌కి వారాంతాల్లో లెక్కలు అప్పజెప్పేవాడు. దగ్గర మనుషులెవరూ ఉండరు. తప్పు దొర్లితే యంత్రం పసిగట్టి, ఆ పని వదిలేసి తర్వాతది అందుకునేది. వరసగా రెండు వారాంతాలు ఆయన పని అలాగే గాలికి పోయింది. తప్పు జరిగిందని తెలిసిన యంత్రానికి అది ఎక్కడ జరిగిందో తెలిసి, దిద్దుకోవడం ఎందుకు రాదు? ఆ విసుగులోంచే 1950 నాటి ఆయన ప్రసిద్ధ పత్రం పుట్టింది. ఇవాళ్టి సర్వర్లలో ఉండే ఈసీసీ మెమరీకి మూలం అక్కడుంది.

1970ల చివర్లో ఇంటెల్ మెమరీ చిప్‌లలో బిట్లు ఏ కారణం లేకుండా తారుమారయ్యేవి. మళ్లీ పరీక్షిస్తే చిప్ శుభ్రంగా ఉండేది. తిమొతీ మే, ముర్రే వుడ్స్ 1978లో గుట్టు విప్పారు: చిప్ తొడుగులోని పదార్థంలో లేశమాత్రంగా ఉన్న యురేనియం, థోరియం నుంచి ఆల్ఫా కణాలు వెలువడి, మెమరీ గదుల్లోని కొద్దిపాటి ఛార్జ్‌ని చెదరగొడుతున్నాయి. చిప్‌కి దెబ్బ తగలదు, ఆనవాలు మిగలదు.

ఇలాంటి అనుభవాలతో ఇంజినీర్లకి ఒక మోటు సూత్రం అలవాటైంది. ప్రతిసారీ ఒకేచోట కూలితే కోడ్‌ని చూడు. ఒక్కోసారి ఒక్కోచోట కూలితే ర్యామ్, వేడి, పవర్ సప్లై చూడు. 1990ల్లో లినక్స్ కెర్నల్ కంపైల్ చేస్తుంటే కంపైలర్ సిగ్నల్ 11తో ఎక్కడపడితే అక్కడ ఆగిపోయిందంటే, ముందు ర్యామ్‌నే అనుమానించేవాళ్లు.

2021లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు ప్రచురించిన కేసు ఈ సూత్రాన్నే ఇబ్బందిలో పడేసింది. ఒక ప్రాసెసర్‌లోని ఒకే ఒక్క కోర్, 1.1ని 53వ ఘాతానికి హెచ్చించి పూర్ణాంకం అడిగితే 156కి బదులు 0 ఇచ్చింది. 52వ ఘాతానికి జవాబు సరిగ్గానే ఉంది. క్రాష్ లేదు, లాగ్‌లో ఎర్రర్ లేదు. ఫైల్ సైజు సున్నా అని లెక్క తేలడంతో కంప్రెస్ చేసిన ఫైళ్లు విప్పేటప్పుడు కొన్ని మాయమయ్యాయి, అంతే. పైగా ఈ తప్పు ఎన్నిసార్లు చేసినా ఒకేలా వస్తుంది. పాత సూత్రం ప్రకారం అయితే దోషి కోడే!

క్రాష్ తర్వాత రాసే రిపోర్టులో 'మూలకారణం' అనే గడి ఖాళీగా ఉండకూడదు. అందులో ఏదో ఒక పేరు పడాలి, నోరులేని కోర్ కన్నా మనిషి పేరే తేలిగ్గా పడుతుంది. అది రాసేముందు అదే ప్రోగ్రామ్‌ని, అదే డేటాతో, ఇంకో మెషీన్ మీద ఒకసారి నడిపి చూడాలి. అక్కడా కూలితే సరే. కూలకపోతే విచారణ ఇంకా పూర్తి కానట్టే.