అంబేడ్కర్ స్మృతివనం (విజయవాడ)

విజయవాడ బందరు రోడ్డు పక్కన, పాతతరం పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అని పిలుచుకున్న స్వరాజ్ మైదానంలో నిర్మించిన స్మారక ప్రాంగణం. 2024 జనవరి 19న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి ప్రారంభించారు. విస్తీర్ణం సుమారు 18.81 ఎకరాలు. 125 అడుగుల డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విగ్రహం 81 అడుగుల పీఠంపై నిలిచింది. మొత్తం 206 అడుగులు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం ఎత్తూ 125 అడుగులే. పీఠం మాత్రం అక్కడ 50 అడుగులు.

విగ్రహం బయటికి కంచు, లోపల ఉక్కు చట్రం. ఇంత ఎత్తులో గాలి తాకిడిని తట్టుకోవాలంటే శిల్పి చేయి ఒక్కటే చాలదు, ఇంజనీరు లెక్కా కావాలి. బౌద్ధ కాలచక్ర మండలాన్ని తలపించే పీఠం ఉత్త దిమ్మె కాదు. దాని కడుపులో సినిమా హాలు, అంబేడ్కర్ జీవితాన్ని చూపే డిజిటల్ మ్యూజియం ఉన్నాయి. ఆవరణలో సంగీత ఫౌంటెన్, నీటి కొలనులు, సమావేశ మందిరం ఏర్పాటు చేశారు. శిల్పం, ధ్వని, సాంకేతికత ఒకేచోట కలవడం ఈ ప్రాంగణం ప్రత్యేకత. అయితే వాటిలో కంటిని ముందుగా పట్టేది ఎత్తే. అయినా, స్మారకం రాకముందు ఏటా జనవరిలో పుస్తక మహోత్సవం జరిగిన మైదానంగానే ఈ చోటు చాలామంది పాఠకులకు గుర్తు.