దాణా గుర్తుంది, గరిక మర్చిపోయాం

"గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు" అని సామెత. మనందరం చిన్నప్పటినుంచి విన్నదే. అందులో ఒక సంగతి గమనించేరా? గుర్రం అనగానే దాణా, దాణా అనగానే ఉలవలు. గడ్డి ఊసే లేదు. అసలు మన మాటల్లో గడ్డి తినడం అంటే తిట్టు. లంచం మేసినోడిని గడ్డి తిన్నాడంటాం. పాపం, ఏ తప్పూ చెయ్యకుండా గడ్డి తిని బతకాల్సిన జంతువు గుర్రం. దాన్ని మాత్రం గడ్డికి దూరం చేసి ఉలవలకి దగ్గర చేసేం.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పెళ్ళి ఊరేగింపుకి గుర్రం మళ్ళీ వచ్చింది. కొంతమంది కుర్రోళ్ళు ఒకటో రెండో కొని పశువుల సాలలోనే కట్టుకుని సాకుతున్నారు. పగలంతా కట్టుకొయ్య దగ్గర నిలబెడతారు. రాత్రి బాజాలు, టపాసుల మధ్య నడిపిస్తారు. ఇంటికి తెచ్చేక బకెట్టు తవుడు, దాని మీద ఉలవలు పోస్తారు. కొన్నాళ్ళకి గుర్రం చిక్కిపోతుంది, బొచ్చు మెరుపు పోతుంది, దాణా సగంలో వదిలేస్తుంది. నీరసం అనుకుని ఇంకో శేరు ఉలవలు కలుపుతారు. ఇంకా చిక్కుతుంది. చాలాసార్లు అక్కడ ఉన్నది నీరసం కాదు, కడుపులో పుండు. అది ఎలా వస్తాదో తెలియాలంటే కాస్త పాత కథలోకి వెళ్ళాలి.

మనది గుర్రాల దేశం కాదు. పాతకాలంలో పెద్ద రాజులకి మూడు బిరుదులుండీవి. ఢిల్లీ సుల్తాన్లు అశ్వపతులు, విజయనగర రాయలు నరపతులు, ఒడిశా రాజులు గజపతులు. మన నేల చాలాకాలం గజపతుల కింద ఉండేది. తర్వాత మన పూసపాటి రాజులు కూడా గజపతి అనే పెట్టుకున్నారు. ఏనుగు మన అడవిలో దొరికేది, గుర్రం మాత్రం ఓడెక్కి రావాలి. అరేబియా నుంచి, పారశీకం నుంచి వచ్చీవి. అందుకే అంత ఖరీదు. కొన్న గుర్రానికి ఏ సుడి ఎక్కడుంటే మంచిదో చూసుకోడానికి మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసం' అని తెలుగులోనే గ్రంథం రాసేడు. మనం ఎద్దుకి సుడులు చూసుకున్నట్టే అనుకోండి.

అంత డబ్బు పోసి కొన్న గుర్రాలు ఏమయ్యేవో మార్కోపోలో రాసేడు. 1290ల్లో ఆయన మన తూర్పు తీరం మీదుగా వెళ్ళేడు, మోటుపల్లి రాజ్యం గురించి, అక్కడ పాలించే రాణి గురించి కూడా చెప్పేడు. ఇంకా దక్షిణాన తమిళ తీరంలో రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలు కొంటారనీ, ఏడాది తిరిగేసరికి వందలోపే మిగులుతాయనీ అన్నాడు. లెక్కలో కొంత అతిశయం ఉండొచ్చు, ఆయన అలవాటే అది. కానీ కారణం చెప్పిన తీరు చూడండి. అక్కడివాళ్ళకి గుర్రాన్ని సాకడం రాదట, మాంసం వేసి ఉడికించిన అన్నం పెడతారట. అదే కాలపు పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ కూడా ఇంచుమించు ఇదే అన్నాడు. వేయించిన యవలు, నెయ్యి కలిపిన గింజలు, కాచిన ఆవుపాలు పెడతారని. ప్రేమకి లోటు లేదు. ఇంట్లో మనిషికి ఏది గొప్ప తిండో అదే గుర్రానికీ పెట్టేరు, అంతే. ఈ రోజు పెళ్ళి గుర్రానికి లడ్డూ తినిపించి ఫోటో దిగుతున్నామా లేదా?

మరి అసలు తెలిసినవాళ్ళే లేరా అంటే ఉన్నారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో గుర్రాల అధికారికి ఒక అధ్యాయమే ఉంది. గింజలు, సగం ఉడికిన పెసలో మినుములో, నూనె, ఉప్పు, అన్నీ కొలత కట్టి చెప్పి, వాటితోపాటు పచ్చగడ్డికి కూడా కొలత చెప్పేడు.

ఉలవ మన దక్షిణాదిలో గుర్రం మేత అవడానికి కారణం మీకు నేను చెప్పక్కర్లేదు. వానలు వెనకపట్టేక గరువు భూమిలో చల్లీసి వస్తే, మిగిలిన తేమతోనే పండుతాది. ఎరువు అడగదు. ఏడాదంతా నిలవుంటాది. ఉత్తరాదిలో శనగలు పెట్టీవోరు, ఇక్కడ ఉలవలు. ఇంగ్లీషువాళ్ళు మద్రాసు వైపు వచ్చి ఇది చూసి దీనికి హార్స్ గ్రామ్ అనే పేరు పెట్టీసేరు. గ్రామ్ అన్నది గింజ అనే అర్థమున్న పోర్చుగీసు మాట నుంచి వచ్చింది. పచ్చి ఉలవలో మాంసకృత్తుల్ని అరగనివ్వని పదార్థం ఒకటుంది, ఉడికిస్తే అది చాలావరకు పోతుంది. మనవాళ్ళు గుగ్గిళ్ళు చేసి పెట్టడం సరైన పనే. ఉలవ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నూటికి 22 పాళ్ళు మాంసకృత్తులున్న గింజ అది.

1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళతో యుద్ధానికి మన పూసపాటి ఆనందరాజు ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ పక్కన వెళ్ళినప్పుడు రాజు వెంట 500 గుర్రాలు, 5000 మంది కాల్బలం ఉన్నట్టు ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు రాసేడు. ఆ గుర్రాల్ని నాసిరకం అని ఈసడించేడు కూడా. దొరగారికి పొట్టి గుర్రం ఆనలేదేమో!

తర్వాత కుంపిణీ పట్టు బిగిసింది. 1794లో పద్మనాభం యుద్ధంలో చిన విజయరామరాజు చనిపోయేడు. విజయనగరంలో పటాలం దిగింది, ఇప్పటికీ ఆ పేటని కంటోన్మెంట్ అనే అంటాం. నా దృష్టిలో గుర్రం మేత కథంతా ఇక్కడే ఉంది. మద్రాసు రాజధానిలో దొర ఒక గుర్రాన్ని ఉంచుకుంటే దానికి ఇద్దరు మనుషులుండీవోరు. ఒకడు గుర్రపువాడు. తోమడం, దాణా ఉడకబెట్టడం వాడి పని. రెండోమనిషి గడ్డి కోసేది, చాలాచోట్ల ఆ గుర్రపువాడి పెళ్ళామే. పొద్దున్నే గట్ల మీద పడి గరికని వేళ్ళతో సహా తవ్వి, మట్టి దులిపి, కడిగి, మోపు కట్టి తెచ్చేది. రోజూ, ఎండైనా వానైనా. ఆవిడ పేరు ఎవరూ రాయలేదు, సామెతలోకీ రాలేదు. గుర్రం నిలబడింది మాత్రం ఆ మోపు మీద.

రైలు వచ్చేక జట్కాల కాలం వచ్చింది. శ్రీకాకుళం ఊరొకచోట, స్టేషన్ ఆమదాలవలసలో. మధ్యలో పది కిలోమీటర్ల పైచిలుకు. జట్కావాడికి రెండోమనిషిని పెట్టుకునే స్తోమత ఎక్కడిది? గడ్డి కొనాలి, లేదా వరిగడ్డి వెయ్యాలి. సంచిలో గుగ్గిళ్ళు పోసి మూతికి తగిలించీసి, బండి దగ్గరే మేపీసి, మళ్ళీ బేరం. గుర్రం మేత అంటే మన కళ్ళలో మిగిలిపోయిన బొమ్మ ఈ మూతిసంచీయే. పేదరికంలో చేసిన సర్దుబాటు అది. మనం దాన్ని సంప్రదాయం అనుకుంటున్నాం.

ఇప్పుడు కడుపు సంగతి. మన ఎద్దుకి కడుపులో నాలుగు అరలు. గబగబా మేసి, తర్వాత పడుకుని నెమరేస్తాది. గుర్రానికి నెమరు లేదు. ఒకటే కడుపు, ఒళ్ళు చూస్తే అంత, కడుపు చూస్తే బకెట్టంత. అందులో ఆమ్లం తిన్నా తినకపోయినా రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటాది. దాన్ని చల్లార్చేది లాలాజలం. ఆ లాలాజలం నమిలినప్పుడే వస్తాది. అందుకే బయట వదిలిన గుర్రం రోజులో పదహారు గంటలు మేస్తూనే ఉంటాది. మనం అయిదారు గంటలు ఖాళీగా కట్టీసేమంటే, కడుపు పైభాగంలో ఆమ్లానికి తట్టుకోలేని పొర ఉంటుంది, అది కాలిపోతుంది. ఖాళీ కడుపుతో పరిగెత్తిస్తే కింద ఉన్న ఆమ్లం పైకి చిమ్ముతుంది. పైగా గింజలెక్కువైతే కడుపులోనే పులిసి ఇంకో రకం ఆమ్లాలు తయారవుతాయి. కిలో గుగ్గిళ్ళు కాసేపట్లో అయిపోతాయి. కిలో గడ్డికి చాలాసేపు నమలాలి.

ఇది ప్రపంచానికే ఆలస్యంగా తెలిసింది. హాంకాంగ్‌లో చనిపోయిన పందెం గుర్రాల కడుపులు కోసి చూసి 1986లో లెక్క చెప్పేరు. మూడింట రెండు వంతుల గుర్రాల్లో పుండ్లున్నాయి. ఖరీదైన దాణా తినే గుర్రాలవి. పొడుగాటి కెమెరా గొట్టాలొచ్చేకే బతికున్న గుర్రంలో చూడగలిగేరు.

మరి ఏం పెట్టాలి? జట్కా గుర్రం సైజుది, 250 కిలోలనుకోండి. ఎండుబరువు లెక్కలో రోజుకి 5 కిలోల గడ్డి కావాలి. పచ్చి గరికైతే దగ్గర దగ్గర 16 కిలోలు. ఒకేసారి కాదు, నాలుగైదు విడతలుగా, రాత్రికి పెద్ద మోపు. ఉలవలు మానక్కర్లేదు. పొడి బరువు తూచి, ఉడికించి, పూటకి అరకిలో దాటకుండా రెండు పూటలు, అదీ గడ్డి పడ్డాకే. పుండు ముదిరిందని డాక్టరు అంటే అదీ తగ్గించి గడ్డి పెంచాలి. బయటి దేశాల్లో లూసర్న్ గడ్డి కలుపుతారు, అందులో కాల్షియం ఆమ్లాన్ని కాస్త అణుస్తుంది. మన తేమకి లూసర్న్ అంత బాగా రాదు. నేనైతే బూజు పట్టని వేరుశనగ తీగ ఎండబెట్టి కలపమంటాను, మన మెట్టలో దానికి కొదవ లేదు. తవుడు గుప్పెడు చాలు. అందులో భాస్వరం కాల్షియం కన్నా పదిరెట్ల పైనే, బకెట్లకొద్దీ పెడితే ఎముకలు గుల్లవుతాయి. వట్టి వరిగడ్డి మీద వదిలెయ్యొద్దు. ఎద్దుకి బాగున్నవన్నీ దీనికి పనికిరావు. సుబాబుల్ తింటే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. పచ్చిజొన్న మూత్రాశయాన్ని పాడుచేస్తుంది. కోళ్ళ మేత సంచి దగ్గరకి అస్సలు రానీకండి, కొన్నిట్లో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రానికి ప్రాణం మీదకి తెస్తుంది. కాలు నొప్పి అని పదేపదే నొప్పి సూదులు వేయించినా పుండు పడుతుంది. పుండు మానడానికి ఒమెప్రజోల్ ఉంది, ఎంత అన్నది పశువుల డాక్టరే చెప్పాలి.

ఊరేగింపుకి తీసుకెళ్ళే ముందు అరగంట గడ్డి మేపండి. పెళ్ళింటి దగ్గర నిలబడ్డంతసేపూ ముందు ఒక మోపు పడెయ్యండి.

గరిక ఎక్కడ దొరుకుతుందంటారా? వినాయక చవితికి తప్ప మనకది కలుపే. గట్ల మీద గ్లైఫోసేట్ కొట్టి చంపేస్తున్నాం. గుర్రం ఉన్నవాళ్ళు ఒక గట్టు మందు కొట్టకుండా వదిలిపెట్టుకోండి. పక్క రైతు గట్టు మీద కోసే ముందు, ఈమధ్య మందు కొట్టేడేమో అడిగి కొయ్యండి.